మూడో చుట్టు తరువాత

ఏలె అండాలు కుడిచేతి వయసు పందొమ్మిదేళ్ళు. మిగతా ఒంటి వయసు యాభై ఒకటి.

ఈ లెక్క ఆమే అందరికీ నవ్వుతూ చెప్పేది. పడుగు నూలు చుట్టే వార్పు మోటారు బెల్టులో పడి మణికట్టు దాకా చెయ్యి పోయిన ఏడాదే, హైదరాబాదులోని కృత్రిమ అవయవాల పరిశోధన కేంద్రం వాళ్ళు ఆమెకు నేర్చుకునే చెయ్యి పెట్టారు. మొదటి రోజు అది గ్లాసు కూడా పట్టలేకపోయింది. కానీ మనిషి ఏ పని చేయబోయినా ముంజేతి కండరాల్లో పుట్టే కదలికను కనిపెట్టి, ఆ పనిని చిన్న చిన్న ఆదేశాలుగా తనలో తనే రాసుకునేది. తప్పయితే కొట్టేసి మళ్ళీ రాసుకునేది. అది రాసుకునే భాషకు, దాన్ని తయారు చేసినవాళ్ళు 'పలక' అని పేరు పెట్టారు. ఆర్నెల్లకు అన్నం కలపడం వచ్చింది. ఏడాదికి జడ వేయడం వచ్చింది. రెండేళ్ళకు, వాళ్ళ నేతగాళ్ళ ఊరు గట్టుపాకలో ఎవరూ నమ్మని సంగతి, చిటికె కట్టడం వచ్చింది.

గట్టుపాకలో చీర నేయకముందే నూలుకు రంగు పడుతుంది. ఆసు అనే చట్రం మీద సాగదీసిన పోగుల కట్టకు, తెల్లగా ఉండాల్సిన ప్రతి చోటా సైకిలు ట్యూబు నుంచి కోసిన సన్నటి రబ్బరు ముక్కను బిగించి చుడతారు. అదే చిటికె. కట్టిన నూలును రంగులో ముంచితే చుట్టిన చోటికి రంగు ఎక్కదు. ఒక్క చీరకు వేల చిటికెలు. వాటిలో ఒక్కటి వదులైనా కొంగు మీది చిలకకు కన్ను ఎర్రబడుతుంది. అలాంటి పనిని అండాలు యంత్రపు చేత్తో పదిహేడేళ్ళు చేసింది. ఆమె కట్టిన నూలైతేనే నేస్తామని పక్క వీధి మగ్గాల వాళ్ళు కూడా వచ్చేవాళ్ళు.

ఇప్పుడా చేతికి కాలం దగ్గరపడింది. పలక భాష నడిచే చిప్పులు తయారు చేసే కంపెనీ ఎప్పుడో మూతపడింది. పాత చిప్పుల్లో జ్ఞాపకం ఉండే పొరలు అరిగిపోతున్నాయి. ఆ ఏడాదిలోనే ఇరవై మూడు చేతులు ఉన్నట్టుండి ఆగిపోయాయి. కొత్త చిప్పు పెట్టొచ్చు కానీ, కొత్త చిప్పుకు పలక రాదు. దాని భాష 'ధార'. చిప్పు మార్చాక ఆ మనుషుల చేతులు మళ్ళీ పసిపిల్లల చేతులయ్యాయి. జనగామ వడ్రంగి ఒకాయన అరవై ఏళ్ళ వయసులో మేకు పట్టుకోవడం మొదటి నుంచి నేర్చుకుంటున్నాడు.

ఇక మిగిలినవి ఆరువందల పధ్నాలుగు చేతులు. వాటిలో ఉన్న పలకను చెక్కుచెదరకుండా ధారలోకి మార్చే అనువాద యంత్రాన్ని మూడేళ్ళు కష్టపడి తయారు చేసిన బృందానికి ముందు నడిచింది అండాలు కూతురు భార్గవి. ఏలె వాళ్ళ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. ఆ అమ్మాయి ఏ చదువు చదవాలో, ఎక్కడ ఉద్యోగం చేయాలో ఎవరూ చెప్పలేదు. తల్లి చెయ్యి చెప్పింది.

*

మొదటి అనువాదం అమ్మ చేతికే చేయాలని భార్గవి పట్టుబట్టింది. తప్పు జరిగితే అది పరాయివాళ్ళ ఇంట్లో జరగకూడదని ఆమె ఉద్దేశం.

"అమ్మా, చెయ్యి ఇయ్యి" అంది కేంద్రం ల్యాబులో బల్ల ముందు కూర్చొని.

"చేతిల చెయ్యి వేస్తరు గని, చెయ్యే తీసి ఇయ్యుమనేటోళ్ళను ఇయ్యాలనే చూస్తున్న" అంటూ అండాలు మణికట్టు దగ్గరి బిగింపు తిప్పి చేతిని బల్ల మీద పెట్టింది.

పక్కనే ఉన్న నవాజ్ నవ్వాడు. భార్గవితో కలిసి మూడేళ్ళుగా పనిచేస్తున్నవాడు. "అండాలమ్మా, మీ బిడ్డ ఈ పని మొదలువెట్టినప్పటి సంది మమ్మల్ని సుఖంగ చాయ్ తాగనియ్యలే. ఇంట్ల గూడ గిట్లనేనా?"

"ఇంట్ల చాయ్ పెట్టేదే నేను. నన్నేమంటది?"

యంత్రం పని మొదలైంది. తెర మీద ఎడమవైపు పలక వాక్యాలు, కుడివైపు వాటి ధార రూపాలు వరుసగా దిగుతున్నాయి. 'వేళ్ళకు బరువు తగిలితే పట్టు బిగించు' అన్నది ఒక పలక వాక్యం. దాన్ని యంత్రం మాటకు మాట మార్చదు. ఆ వాక్యం వల్ల ఏ వేలు ఎంత కదిలిందో, ఏ స్పర్శకు కదిలిందో చూసి, అదే ఫలితం వచ్చేలా ధారలో కొత్తగా రాస్తుంది. మొత్తం నలభై వేల పైచిలుకు వాక్యాలు. పందొమ్మిదేళ్ళ బతుకు.

వాటిలో మూడువందల పన్నెండింటి దగ్గర యంత్రం తడబడింది. అవన్నీ ఒకే రకం. 'ఇక్కడ ఆగు.' అంతే. ఎందుకో లేదు. ఆ ఆగడంలో ఏ వేలూ కదలదు, ఏ స్పర్శనూ చదవదు. పలకలో అలా ఊరికే ఆగొచ్చు. ధారలో కుదరదు. వెనకెప్పుడో ఒక చెయ్యి మరిగే గిన్నె పట్టుకొని కారణం లేకుండా ఆగిపోయి మనిషి కాళ్ళు కాలాక, ఆ భాష రాసినవాళ్ళు గట్టి నియమం పెట్టారు. ఆగాలంటే దేనికోసం ఆగాలో రాయాలి. కారణం లేని ఆగడాన్ని ధార ఒప్పుకోదు.

భార్గవి ఆ మూడువందల పన్నెండింటిని ఒకసారి పైనుంచి కిందకు చూసింది. నేర్చుకునే తొలిరోజుల్లో చెయ్యి తటపటాయించిన గుర్తులై ఉంటాయి అనుకుంది. వాటిని 'వట్టివి' అనే జాబితాలో పక్కకు పెట్టి, మిగతా వాటిని కొత్త చిప్పులోకి ఎక్కించింది. పాత చిప్పు బయటకు తీయగానే చల్లబడిపోయింది. మళ్ళీ లేవదని ముందే తెలుసు.

నలభై ఒక్క పరీక్షలు పెట్టారు. అండాలు గ్లాసెత్తింది, సూదిలో దారం ఎక్కించింది, తెలుగులో తన పేరు రాసింది. ఊరి నుంచి తెచ్చుకున్న చిన్న ఆసు మీద పది చిటికెలు కట్టింది. వాటి బిగువు కొలిచారు. పదికి పదీ సరిపోయాయి. పైగా చిటికెకు రెండు సెకన్లు మిగిలాయి. రంగులో మాత్రం ముంచలేదు. ఆ ల్యాబులో రంగు తొట్టి ఎక్కడిది?

కేంద్రం డైరెక్టరు డాక్టర్ కామాక్షి స్వయంగా వచ్చి అండాలు రెండు చేతులూ పట్టుకుంది. "మీ అమ్మాయి చాలా గొప్ప పని చేసిందండీ."

అండాలు కొంగు భుజం మీదకు లాక్కుంది. కిందికి దిగేటప్పుడు లిఫ్టు నడిపే ఆయనకు, గేటు దగ్గర కాపలా ఆయనకు, బస్సులో పక్క సీటు ఆవిడకు ఆ చెయ్యి చూపించి ఒకే మాట చెప్పింది. "నా బిడ్డ రాసింది."

ఆ రాత్రే నివేదిక వెళ్ళింది. మొదటి పేరు ఏలె భార్గవి. మొదటి వాక్యం, 'అనువాదంలో ఏమీ పోలేదు.'

*

రెండు వారాల పాటు భార్గవి రోజూ ఫోనులో అడిగింది. "మంచిగున్నదా చెయ్యి?" రోజూ ఒకటే జవాబు. "మంచిగుంది బిడ్డా. నువ్వు నీ పని చూస్కో."

మిగిలిన చేతులన్నింటికీ చిప్పులు మార్చే శిబిరం గురువారం మొదలు. దానికి ముందు వచ్చే ఆదివారం భార్గవి ఊరికి వెళ్ళింది. మధ్యాహ్నం పన్నెండవుతుండగా ఇంట్లో అడుగుపెట్టేసరికి మగ్గం చప్పుడు లేదు. నాన్న సత్తయ్య మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని ఊరికే కూర్చున్నాడు. ఆదివారమైనా సోమవారమైనా వెలుతురుండగా ఆయన మగ్గం ఆగదు.

"ఏమైంది నాయినా?"

"మీ అమ్మ నడుగు. నేనేం జెప్పను. చెప్పొద్దని ఒట్టు వెట్టిచ్చుకున్నది."

"ఏం చెప్పొద్దన్నది?"

"గదే చెప్పొద్దన్నది" అని ఆయన మగ్గం మీది బట్ట నుంచి చేతులు తీసేసి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. చెప్పడం లేదు. చూడ్డానికి అడ్డం తప్పుకున్నాడు, అంతే.

ఎర్రటి నేల మీద తెల్ల చిలకల వరుస. భార్గవి దగ్గరకు వంగింది. చిలకల అంచుల్లో తెలుపు లేదు, లేత గులాబీ ఉంది. కొన్నింటికి ముక్కు కరిగిపోయింది. కళ్ళు మాత్రం అన్నింటికీ ఎర్రబడ్డాయి, కలక వచ్చినట్టు. గట్టుపాకలో కొత్తగా నేర్చుకునే పిల్లలు కూడా అంత చెడ్డగా కట్టరు.

అమ్మ వెనక అరుగు మీద ఉంది. ఆసు ముందు కూర్చొని చిటికెలు కడుతోంది. భార్గవిని చూడగానే ఎడమచేతిని కొంగు కింద పెట్టుకుంది.

"చెయ్యి చూపియ్యి" అంది భార్గవి.

అండాలు కుడిచెయ్యి చాపింది.

"అది కాదు. ఇంకోటి."

ఎడమ బొటనవేలికి తెల్లగుడ్డ చుట్టి ఉంది. గుడ్డ మీద రంగు మరకలూ, రంగు కాని మరకా ఉన్నాయి. విప్పి చూస్తే గోరు సగం లేచిపోయింది.

"ఏందమ్మా ఇది?"

"ఏం లేదే. కొత్త చెయ్యి జర తొందరగ గుంజుతది. మూడు చుట్లు చుట్టంగనే కొస లాగి బిగిచ్చేస్తది. నేను చుట్లను దగ్గరికి ఒత్తేలోపల్నే బొటనేలు అండ్ల వడి నలుగుతది. అలవాటైతది తీయ్."

"రెండు వారాలైంది. చెప్పొద్దా?"

"ఏమని చెప్పాలె? ఆ పెద్ద మేడం నీ గురించి అంత మంచిగ చెప్పె. నీ పేరు రాసిన్రంటివి. ఇప్పుడు నేను పోయి, నా బిడ్డ చేసిన చెయ్యి పనికొస్తలేదు అనాల్నా?" అండాలు మళ్ళీ గుడ్డ చుట్టుకుంది. "చీర పోతే పోనీ. చీరలు మస్తు కట్టిన."

పొద్దున బస్సులో భార్గవి గురువారం చదవాల్సిన ఉపన్యాసం రాసుకుంటూ వచ్చింది. ఏమీ పోలేదన్న వాక్యాన్ని అందులో మూడు చోట్ల పెట్టింది.

సంచిలోంచి కంప్యూటరు తీసి, అరుగు మీద అమ్మకు ఎదురుగా బాసిపట్లు వేసుకొని కూర్చుంది. 'వట్టివి' జాబితా తెరిచింది.

"నేను ఒక్కొక్కటి చదువుత. నీ పాత చెయ్యి ఏడ ఏడ ఊకె ఆగేదో ఇండ్ల ఉన్నది. ఎందుకు ఆగేదో నువ్వు చెప్పాలె."

"చెయ్యి ఎందుకు ఆగేదో నాకేం తెలుసు?"

"నీకే తెలుసు. ఇంకెవరికీ తెల్వది." భార్గవి చదివింది. "గ్లాసు పట్టినంక, ఎత్తే ముందు ఆగు."

అండాలు చేతిలోని రబ్బరు ముక్క పక్కన పెట్టింది. "గది చాయ్ గ్లాసు. ఈ చేతికి కాలదు గద, అందుకని ఎడమచేత్తోని అడుగున తాకి చూసుకుంట. కాలితే నోరు కాల్తదని."

"పసుపు డబ్బా ముందు ఆగు."

"అది మొదట్ల. డబ్బా పలగ్గొట్టిన, మీ నాయినమ్మ అరిచింది. అప్పటి భయం. తీసెయ్ దాన్ని. ఇంకెన్నేండ్లు భయపడాలె?"

"మూడో పాయ దగ్గర ఆగు."

"అది నీ జడ. మూడో పాయ పట్టంగనే తల తిప్పేదానివి. నెత్తి మీద ఒకటి ఇచ్చి, నువ్వు కుదురైనంక వేసేదాన్ని."

మగ్గం గుంటలోంచి సత్తయ్య అన్నాడు. "అది ఉంచు. ఇప్పటికీ కుదురు లేదు దానికి."

"తలుపు గొళ్ళెం దగ్గర ఆగు."

అండాలు లోపలి తలుపు వైపు చూసింది. "మీ నాయినమ్మ పండుకొని ఉండేది లోపల. తలుపు తీసే ముందు ఆమె దగ్గుతదా, నిద్రపోతదా అని చెవి పెట్టేదాన్ని. ఆమె పోయి ఆరేండ్లాయె. తీసెయ్యాల్నా?" అని కూతుర్నే అడిగింది. భార్గవి దాని పక్కన ఏమీ రాయకుండా వదిలేసింది.

అలా ఎండ అరుగు దిగి వాకిట్లోకి పోయేదాకా చదివారు. కొన్నింటికి ఇద్దరూ నవ్వారు. కొన్నింటికి అండాలుకు నిజంగానే కారణం తెలియలేదు. నూట తొంభై దాకా వచ్చాక భార్గవి ఒక వాక్యం చదివింది.

"మూడో చుట్టు తరువాత, కొసను రెండు వేళ్ళ నడుమ పట్టుకొని, మిగతా వేళ్ళు విప్పి ఆగు."

అండాలు ఆసు మీది పోగులను సర్దుతూనే అంది. "గది నువ్వే."

"నేనేంది?"

"యాది లేదా? బడి నుంచి రాంగనే గిట్లనే, గిదే జాగల నా ఎదురుంగ కూసునేదానివి. వెడల్పు చిటికెకు రెండు రబ్బరు ముక్కలు కావాలె. మొదటిది మూడు చుట్లు చుట్టినంక, రెండోది నువ్వు నా చేతిల పెట్టేదానివి. చెయ్యి తెరుచుకొని నీకోసం ఆగేది. నువ్వేమో లెక్కలు చేసుకుంట, పాటలు పాడుకుంట, ఆలిశ్యం చేసేదానివి. ఆగీ ఆగీ దానికి అదే అలవాటాయె."

భార్గవి తెర మీద ఆ వాక్యం పక్కనున్న తేదీ చూసింది. అది మొదట రాసుకున్న నాటికి ఆమెకు తొమ్మిదేళ్ళు.

"నువ్వు కాలేజికి పట్నం పోయినంక నేను సన్న చిటికెలే కట్టిన. ఒక్క ముక్క సాలు. అయినా ఆ చెయ్యి తెరుచుకొని ఊకె ఆగేది" అంది అండాలు. "సరే, ఆగుతున్నది గద, ఖాళీగ ఎందుకుండాలె అని ఎడమ బొటనేలితోని చుట్లను దగ్గరికి ఒత్తుడు మొదలువెట్టిన. అప్పుడు చూడు, రంగు చుక్క లోపలికి పోతే ఒట్టు. నా చిటికె లెక్క ఊళ్ళె ఎవ్వలకు రాకపాయె. అందరు చెయ్యి గొప్ప అంటరు. చెయ్యి గొప్ప కాదే, అది ఆగుడు గొప్ప."

భార్గవి జాబితా పైనున్న 'వట్టివి' అన్న మాట చెరిపేసింది. యంత్రం కుడిచేతిని చూసింది. కుడిచేతి కదలిక ఏదీ పోకుండా మార్చింది. అందులో అబద్ధం లేదు. కానీ పనిలో సగమే కుడిచేతి చిప్పులో రాసి ఉంది. మిగతా సగం అమ్మ ఎడమచేతిలో ఉంది. దాన్ని ఏ భాషలోనూ ఎవరూ రాయలేదు. కుడిచెయ్యి ఏమీ చేయని ఆ రెండు సెకన్లలోనే అమ్మ చేయాల్సిందంతా చేస్తోంది. ఆ రెండు సెకన్లనే తను మిగులు కింద లెక్కేసి నివేదికలో గొప్పగా రాసుకుంది.

*

సోమవారం పొద్దున్నే డాక్టర్ కామాక్షి గదిలో భార్గవి నిలబడే మాట్లాడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

డాక్టర్ కామాక్షి అంతా విని కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "శిబిరం వాయిదా వేయమంటావా? ఈ వారాంతంలో ఇంకో రెండు చేతులు ఆగిపోయాయి. ఒకాయన మంగలి పని చేసుకునేవాడు. నువ్వు ఒక నెల ఆపితే ఇంకెందరివి పోతాయో చెప్పు."

"వాయిదా వద్దు మేడమ్. చిప్పులు మార్చేద్దాం. కానీ వట్టివని ఒక్క వాక్యం కూడా పారేయొద్దు."

"ధార ఒప్పుకోదు కదా" అన్నాడు వెంట వచ్చిన నవాజ్. "దేనికోసం ఆగాలో రాయకుండ ఎట్ల ఎక్కిస్తవ్?"

"కారణం ఒకటి పెడదాం. 'ఈ మనిషి రెండో చేత్తో తట్టేదాకా ఆగు.' ఆగాల్సిన చోట చెయ్యి చిన్నగా వణికి అడుగుతుంది. అక్కర్లేదనుకుంటే వెంటనే తడతారు. కావాలనుకుంటే ఆగనిస్తారు. వేడి గిన్నె లాంటివి పట్టుకున్నప్పుడు మాత్రం ఆగకుండా చూద్దాం. ఆ తర్వాత ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఒక్కొక్క వాక్యం చదివి, ఎందుకో అడిగి, అసలు కారణం రాద్దాం."

"ఆరువందల మందిని?"

"ఆరువందల పన్నెండు. ఆగిపోయిన రెండు తీసేస్తే అంతే. నిన్న రాత్రికల్లా అమ్మను అడగడం అయిపోయింది. ఆరువందల పదకొండు."

డాక్టర్ కామాక్షి నివేదిక ప్రతిని ముందుకు లాక్కుంది. "మొదటి వాక్యం కొట్టేయాలి అయితే. మొదటి పేరు నీది. ఈ పని మీద ఈ ఏడు నీకు రావాల్సిన పేరు, పదవి, అన్నీ ఆ వాక్యం మీదే నిలబడి ఉన్నాయి. తెలుసుగా?"

"తెలుసు మేడమ్."

"మనుషులను కూర్చోబెట్టి అడగడం అంటే ఏడాదిన్నర పని. దాన్ని ఎవరూ పరిశోధన అనరు."

"మా ఇంట్లో ఎవరికీ ఇంతకుముందు పరిశోధన అంటే తెలియదు మేడమ్. పని అంటే తెలుసు" అంది భార్గవి. ధిక్కారంగా కాదు. ఉన్నమాట చెప్పినట్టే చెప్పింది.

డాక్టర్ కామాక్షి కలం తీసి ఆమె ముందు పెట్టింది. భార్గవి వాక్యాన్ని కొట్టేసి, పైన చిన్న అక్షరాలతో రాసింది. 'మొదటి అనువాదంలో మూడువందల పన్నెండు పోయాయి. తప్పు నాది. ఎందుకు పోయాయో మా అమ్మ చెప్పింది.'

నవాజ్ ఆ కాగితాన్ని వంగి చదివాడు. "ఇగ చాయ్ అయితే మల్ల బంద్" అని తన కుర్చీ లాక్కొని పనిలోకి దిగాడు. మూడు రోజులే ఉన్నాయి.

*

గురువారం శిబిరంలో పెద్ద హాలు నిండిపోయింది. వరంగల్ నుంచి, నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి వచ్చారు. కుమ్మరులు, బీడీలు చుట్టేవాళ్ళు, ఒక హార్మోనియం వాయించే ఆయన, ఒక టీచరమ్మ. అందరూ అరిగిన పాత చేతులను ఒళ్ళో పెట్టుకొని, తమ చేతుల్ని తామే కాపలా కాస్తున్నట్టు రెండో చెయ్యి వాటి మీద వేసుకొని కూర్చున్నారు.

భార్గవి వేదిక మీదకు వెళ్ళి, రాసుకొచ్చిన ఉపన్యాసం తెరవలేదు. మొదటి చెయ్యి మా అమ్మది, అందులో నేను తప్పు చేశాను అని మొదలుపెట్టింది. ఏం తప్పో, ఎలా తెలిసిందో చెప్పింది. ముందు వరుసలోని పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. హాల్లో గుసగుస మొదలైంది. వెనక నుంచి ఒక ముసలాయన లేచి అడిగేశాడు. "మరి మావి గూడ ఖరాబైతే?"

భార్గవి జవాబు చెప్పేలోపే జనంలోంచి అండాలు లేచింది. ఆమెను ఎవరూ పిలవలేదు. చంకలో చిన్న ఆసు పెట్టుకొని వేదిక మెట్లు ఎక్కి, ఉపన్యాసాల బల్ల మీది పూలగుత్తిని పక్కకు జరిపి, ఆసును నిలబెట్టింది. బొటనవేలికి ఇంకా గుడ్డ ఉంది.

"ఖరాబైతే చెప్పుండ్రి" అంది ఆ ముసలాయనతో. "నేను చెప్పలే. బిడ్డ పేరు పోతదని రెండు వారాలు దాచిపెట్టిన. దానివల్ల ఒక చీర పాయె, గోరు పాయె. చెప్పినంక మూడొద్దుల్ల సరి చేసింది. చూడుండ్రి."

పోగుల కట్టను ఎడమచేత్తో పట్టింది. కుడిచెయ్యి రబ్బరు ముక్కను ఒక చుట్టు చుట్టింది. రెండు. మూడు. అప్పుడు ఆగింది. కొసను రెండు వేళ్ళ నడుమ పట్టుకొని, మిగతా వేళ్ళు మెల్లగా విప్పుకొని, ఎవరో ఏదో ఇస్తారన్నట్టు నిలబడింది. ఆ నిలబడినంతసేపూ ఎడమ బొటనవేలు చుట్ల మీద తాపీగా నడిచింది. వేలు పైకి లేవగానే కుడిచెయ్యి కొస లాగి బిగించింది.

ఇరవై చిటికెలు కట్టి, ఇంటి నుంచి తెచ్చిన ఎర్రరంగు సీసాను నవాజ్ పట్టుకున్న గిన్నెలో వంపి, ఆ పోగుల కట్టను ముంచి తీసింది. రబ్బరు ముక్కలు ఒక్కొక్కటే విప్పింది. ఇరవై తెల్లటి మచ్చలు. ఒక్కదానికీ అంచు చెదరలేదు.

హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చేతిపని తెలిసినవాళ్ళు చప్పట్లు కొట్టరు, దగ్గరకొచ్చి చూస్తారు. ఆ ముసలాయన వేదిక దాకా వచ్చి పోగులు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. దోమకొండ కుమ్మరి అట. తన పాత చేతిని భార్గవి ముందు చాపాడు.

"నాది గూడ ఒక కాడ ఆగుతది బిడ్డా. కుండ దింపే ముందట. అడుగుతవా?"

"అడుగుత తాతా. కూసో."

అండాలు మెట్లు దిగుతుంటే డాక్టర్ కామాక్షి చెయ్యి అందించింది. అండాలు ఆమె చెవిలో కాదు, అందరికీ వినబడేట్టే అంది. "నా బిడ్డ రాసింది మేడం. మల్ల రాసింది గూడ."

*

ఒక్కొక్కరినీ అడిగే పని ఏడాదిన్నర కాదు, రెండేళ్ళు పట్టేట్టుంది. భార్గవి వారంలో ఐదు రోజులు ఊళ్ళు తిరుగుతుంది. ఆరో రోజు గట్టుపాకలో ఉంటుంది. జాబితాలో గొళ్ళెం దగ్గరి వాక్యం ఇంకా ఖాళీగానే ఉంది. చెయ్యి అక్కడ వణికి అడిగినప్పుడల్లా అండాలు వెంటనే తట్టదట. సత్తయ్య చెప్పాడు.

మొన్న ఆదివారం అండాలు వెడల్పు చిటికెల పని ఒకటి ఒప్పుకుంది. పెద్ద పెద్ద బొమ్మలు, రెండేసి రబ్బరు ముక్కలు కావాలి. భార్గవి అరుగు మీద ఎదురుగా కూర్చొని, దోమకొండ తాత చెప్పిన కారణాలను కంప్యూటరులో ఎక్కిస్తోంది. కుండ తడి ఆరిందో లేదో ఆయన ముక్కుతో వాసన చూసేవాడట. దాన్ని ధారలో ఎలా రాయాలా అని ఆలోచిస్తూ కూర్చుంది.

ఎదురుగా చెయ్యి మూడో చుట్టు పూర్తి చేసి, వేళ్ళు విప్పి ఆగింది. ఆగే ఉంది. అండాలు బొటనవేలు ఒత్తడం అయిపోయింది, పైకి లేవలేదు. ఆ వాక్యంలో భార్గవి రెండు కారణాలు రాసిపెట్టిందని ఆమెకు తెలుసు. ఎడమ బొటనవేలు లేచేదాకా, లేదా ఎవరైనా రెండో ముక్క చేతిలో పెట్టేదాకా.

"లెక్కలు అయినంక ఇస్తవా?" అంది అండాలు.

భార్గవి కంప్యూటరు పక్కన పెట్టి, గంపలోంచి ఒక రబ్బరు ముక్క తీసి ఆ తెరిచిన చేతిలో పెట్టింది. వేళ్ళు మూసుకున్నాయి.